స్వయంచాలక పరీక్షల నిర్వహణలో కొత్త సౌకర్యాలు – తెలుగు లిపి: ప్లేరైట్ ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

సాఫ్ట్‌వేర్ సరిగా పనిచేస్తున్నదో లేదో మనిషి ప్రమేయం లేకుండా పదేపదే సరిచూసే ప్రోగ్రాములను స్వయంచాలక పరీక్షలు అంటారు. వీటిని రాయడానికి, నడపడానికి, ఫలితాలను విశ్లేషించడానికి ఉపయోగపడే వేదికలలో ‘ప్లేరైట్’ ఒకటి. ఇటీవలి సంవత్సరాలలో ఇందులో చేరిన ముఖ్యమైన సౌకర్యాలను వివరించి, తెలుగు పాఠాన్ని చూపే వెబ్‌పుటల పరీక్షకు అవి ఎంతవరకు తోడ్పడతాయో, ఎక్కడ ఆగిపోతాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పరీక్షను నడిపే పనిని వేదిక ఎంత సులభం చేసినా, ‘సరైన ఫలితం ఏది’ అన్న నిర్ణయం భాష తెలిసినవారి చేతిలోనే ఉండాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

కీలకపదాలు: స్వయంచాలక పరీక్ష, ప్లేరైట్, యూనికోడ్, గ్రాఫీమ్ సముదాయం, అక్షరగణన, ఛందస్సు, పాఠపరిష్కరణ.

1. ఉపోద్ఘాతం

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచవ్యాప్తంగా వార్తలకెక్కింది. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లకు ఆ అక్షరంతో కూడిన సందేశం వస్తే, దాన్ని చూపబోయిన అప్లికేషన్ ఆగిపోయేది. పత్రికలు దాన్ని ‘జ్ఞా’ అని రాశాయి. నిజానికి మనం రోజూ రాసే ‘జ్ఞా’తో ఏ ఇబ్బందీ లేదు. జకారం, పొల్లు, ఞకారం, వాటి తరువాత కంటికి కనిపించని ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ అనే గుర్తు, చివర దీర్ఘం – ఈ అయిదూ ఈ వరుసలో వచ్చినప్పుడే దోషం బయటపడింది. ఇదే తీరులో అమరిన కొన్ని బెంగాలీ, దేవనాగరి వరుసలకూ ఆ దోషం వర్తించింది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న 11.2.6 సంచికను విడుదల చేసి దాన్ని సరిదిద్దింది.

ఆ కనిపించని గుర్తు తెలుగువారికి కొత్తది కాదు. ‘సాఫ్ట్‌వేర్’, ‘ఫేస్‌బుక్’ వంటి మాటలలో పొల్లు తరువాతి హల్లు ఒత్తుగా మారకుండా ఉండటానికి మనం దాన్ని నిత్యం వాడుతూనే ఉన్నాం. లిపి లక్షణం తెలిసినవారికి హల్లు, పొల్లు, హల్లు, విభజకం, అచ్చుగుర్తు అనే అమరిక ఊహకందని విషయమేమీ కాదు. అటువంటి అమరికలు సాఫ్ట్‌వేర్ పరీక్షల జాబితాలోకి ఎలా చేరుతాయి? వాటిని ఎవరు చేర్చాలి? పరీక్షా వేదికలలోని కొత్త సౌకర్యాలను తెలుగు పరిశోధకులు ఎందుకు తెలుసుకోవాలో ఈ ప్రశ్నలే చెబుతాయి.

2. స్వయంచాలక పరీక్ష – స్వరూపం, నేపథ్యం

ఏ స్వయంచాలక పరీక్షలోనైనా మూడు అంగాలుంటాయి. మొదటిది సన్నాహం, అంటే పరీక్షకు కావలసిన పరిస్థితిని కల్పించడం. రెండవది క్రియ: మీట నొక్కడం, పదం టైపు చేయడం వంటివి. మూడవది అపేక్ష. ఆ క్రియకు రావలసిన ఫలితాన్ని ముందే రాసిపెట్టి, వచ్చిన ఫలితంతో పోల్చడమే అపేక్ష. రెండూ కలిస్తే పరీక్ష నెగ్గినట్లు, కలవకపోతే విఫలమైనట్లు. ఈ వ్యాసంలోని చర్చ ప్రధానంగా మూడవ అంగం చుట్టూ సాగుతుంది.

1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా రూపొందించిన ‘జేయూనిట్’ ప్రోగ్రాము లోపలి చిన్నచిన్న భాగాలను పరీక్షించే పద్ధతికి ప్రాచుర్యం తెచ్చింది. 2004లో జేసన్ హగ్గిన్స్ ప్రారంభించిన ‘సెలీనియం’ బ్రౌజరును మనిషిలాగే నడిపి వెబ్‌పుటలను పరీక్షించడానికి దారి చూపింది. ఆ కోవలో 2020 జనవరిలో మైక్రోసాఫ్ట్ సంస్థ బహిరంగ మూలంగా విడుదల చేసినదే ప్లేరైట్. క్రోమియం, ఫైర్‌ఫాక్స్, వెబ్‌కిట్ అనే మూడు బ్రౌజరు యంత్రాంగాలను ఒకే పరీక్షతో నడపగలగడం దీని ప్రత్యేకత. మొదట బ్రౌజరును నడిపే సాధనంగా వచ్చి, క్రమంగా పరీక్షలను వర్గీకరించి, పంచి, నివేదించే వేదికగా ఎదిగింది.

3. కొత్త సౌకర్యాలు

3.1 మూడవ తీర్పు

పరీక్షకు నెగ్గడం, ఓడడం అనే రెండే ఫలితాలు ఉండాలని మనం అనుకుంటాం. ఆచరణలో మూడవ స్థితి ఒకటి ఉంది. విఫలమైన పరీక్షను వెంటనే మళ్లీ నడిపేలా ప్లేరైట్‌లో అమర్చుకోవచ్చు. మొదట ఓడి, మళ్లీ నడిపినప్పుడు నెగ్గిన పరీక్షను అది విడిగా ‘ఫ్లేకీ’ అని, అంటే నిలకడలేనిది అని నివేదిస్తుంది. చాలాచోట్ల ఇటువంటి పరీక్షను నెగ్గినదానిగానే లెక్కించి ముందుకు సాగుతారు. 2024లో చేరిన ఒక సౌకర్యంతో, నిలకడలేని పరీక్ష ఒక్కటి ఉన్నా మొత్తం పరుగును విఫలమైనట్లు ప్రకటించే వీలు కలిగింది.

తెలుగు పుటల విషయంలో దీని ప్రాధాన్యం ఎక్కువ. పుట కోరిన తెలుగు ఫాంటు ఆలస్యంగా దిగుమతి అయితే మొదటిసారి వేరే ఫాంటులో అక్షరాలు కనిపించి పరీక్ష ఓడవచ్చు. రెండవసారి ఫాంటు వేళకు అంది నెగ్గవచ్చు. దీన్ని యాదృచ్ఛికమని కొట్టివేస్తే, నెమ్మదైన అంతర్జాల సదుపాయం ఉన్న పాఠకుడు ప్రతిరోజూ చూసే దృశ్యాన్నే కొట్టివేసినట్లవుతుంది.

3.2 సాక్ష్యం – ట్రేస్ వ్యూయర్

‘పరీక్ష ఓడింది’ అన్న ఒక్క వాక్యం వల్ల ప్రయోజనం తక్కువ. ఎక్కడ, ఏ క్షణంలో, ఏ స్థితిలో ఓడిందో తెలియాలి. ట్రేస్ వ్యూయర్ పరీక్షలోని ప్రతి క్రియకు ముందూ వెనుకా పుట ఉన్న స్థితిని, తెరచిత్రాలను, నెట్‌వర్క్ ద్వారా వచ్చిపోయిన అభ్యర్థనలను, కన్సోల్ సందేశాలను ఒకే కాలరేఖ మీద భద్రపరుస్తుంది. మొదటి పునఃప్రయత్నంలో మాత్రమే దీన్ని నమోదు చేసేలా అమర్చుకుంటే స్థలం, సమయం ఆదా అవుతాయి.

ప్రోగ్రామింగ్ తెలియని భాషానిపుణుడికి ఈ సౌకర్యం ఎక్కువగా ఉపయోగపడుతుంది. ట్రేస్‌ను తెరిచి చూడడానికి కోడ్ రాయనవసరం లేదు. ఒత్తు ఎక్కడ విడిపోయిందో, సున్న ఎక్కడ జారిందో కంటితో చూసి చెప్పవచ్చు.

3.3 ఎంపిక, విభజన

పరీక్షలు వందల సంఖ్యకు చేరినప్పుడు అన్నిటినీ ప్రతిసారీ నడపడం భారమవుతుంది. ఇందుకు నాలుగు సౌకర్యాలున్నాయి. ‘@’ గుర్తుతో మొదలయ్యే ట్యాగ్‌ను పరీక్షకు తగిలించి, ఆ ట్యాగ్ ఉన్నవాటినే నడపవచ్చు. షార్డింగ్ ద్వారా పరీక్షలను అనేక యంత్రాలకు పంచి, వాటి నివేదికలను చివర ఒకటిగా కలపవచ్చు. గతసారి ఓడినవాటిని మాత్రమే మళ్లీ నడిపే సౌకర్యం, మారిన ఫైళ్లతో సంబంధం ఉన్న పరీక్షలనే ఎంచి నడిపే సౌకర్యం 2024లో చేరాయి.

వీటిలో చివరిదాని విషయంలో జాగ్రత్త అవసరం. అది ప్రాజెక్టులోని ఫైళ్ల పరస్పర సంబంధాన్ని బట్టి ఎంపిక చేస్తుంది. తెలుగు పాఠం ప్రదర్శనను, అక్షరాల లెక్కను మార్చేవి చాలాసార్లు ఆ ఫైళ్లలో ఉండవు. బ్రౌజరు సంచిక, యూనికోడ్ దత్తాంశం, ఫాంటు, అక్షరాలను కూర్చే యంత్రాంగం బయటినుంచి వస్తాయి. ఫైలు మారలేదు కనుక పరీక్ష అక్కరలేదనుకుంటే ఇటువంటి దోషాలు తప్పించుకుంటాయి. ఈ ఎంపిక పూర్తి పరీక్షకు ప్రత్యామ్నాయం కాదని, తరువాత మొత్తం పరీక్షలు నడపాలని ప్లేరైట్ పత్రాలే సూచిస్తున్నాయి.

3.4 స్నాప్‌షాట్లు: బొమ్మ, పాఠం

పుట ఎలా కనిపిస్తున్నదో పరీక్షించడానికి తెరచిత్రాల పోలిక ఉపయోగపడుతుంది. మొదటిసారి నడిపినప్పుడు పోల్చడానికి చిత్రమేదీ ఉండదు కనుక, ఆ క్షణాన తెరమీద ఉన్నదాన్నే ప్లేరైట్ ఆధారచిత్రంగా భద్రపరుస్తుంది. తరువాతి పరుగులన్నిటినీ దానితోనే పోలుస్తుంది. ఆ మొదటి రోజున ‘స్త్రీ’లోని ఒత్తులు చెదిరి ఉంటే, ఆ చెదిరిన రూపమే ప్రమాణమవుతుంది. దాన్ని ఎవరైనా సరిదిద్దితే, సరైన రూపమే తప్పుగా నమోదవుతుంది.

పోలికలో కొన్ని పిక్సెళ్ల తేడాను అనుమతించే వీలు కూడా ఉంది. తెలుగులో ‘ప’కూ ‘ఫ’కూ, ‘ద’కూ ‘ధ’కూ మధ్య తేడా ఒక చిన్న గీత మాత్రమే. అనుమతి ఉదారంగా ఉంటే ఆ గీత లేకపోయినా పరీక్ష నెగ్గుతుంది. కాబట్టి తెలుగు పాఠం ఉన్న భాగానికి ప్రత్యేకంగా, కఠినమైన పరిమితి పెట్టుకోవడం సమంజసం.

2024 నవంబరులో చేరిన ‘ఏరియా స్నాప్‌షాట్’ దీనికి భిన్నమైనది. దృష్టిలోపం ఉన్నవారు వాడే తెరచదువరి సాధనాలకు పుట ఏ నిర్మాణంలో, ఏ పాఠంతో అందుతుందో అది వరుసల రూపంలో నమోదు చేస్తుంది. బొమ్మ సరిగా ఉండి పాఠం తప్పు కావచ్చు. పాఠం సరిగా ఉండి బొమ్మ చెదరవచ్చు. రెండు పరీక్షలూ ఉంటేనే లిపి, పాఠం రెండూ కాపాడబడతాయి.

4. తెలుగులో ‘సరైన ఫలితం’ ఏది?

పద్యాలను నమోదు చేసుకుని పాదానికి అక్షరాలు లెక్కించే ఒక వెబ్‌పుటను ఊహించుకుందాం. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, చంపకమాలలో 21 అక్షరాలు ఉండాలి. లెక్క సరిగా వస్తున్నదో లేదో పరీక్ష రాయాలి. ఇక్కడ అక్షరమంటే ఏమిటన్న ప్రశ్న ఎదురవుతుంది.

కంప్యూటరు పాఠాన్ని కోడ్ పాయింట్లుగా దాచుకుంటుంది. చదువరి ఒక అక్షరంగా భావించే కోడ్ పాయింట్ల గుంపును యూనికోడ్ ప్రమాణం గ్రాఫీమ్ సముదాయం అంటుంది. 2023 సెప్టెంబరులో వెలువడిన యూనికోడ్ 15.1 వరకు ఆ ప్రమాణంలోని సాధారణ నియమం సంయుక్తాక్షరాన్ని పొల్లు దగ్గర విడగొట్టేది. 15.1లో చేరిన కొత్త నియమం తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపుల సంయుక్తాక్షరాలను ఒకే సముదాయంగా పరిగణించింది. నాలుగు పదాలకు వచ్చే లెక్కలు ఇలా ఉంటాయి:

| పదం | కోడ్ పాయింట్లు | 15.1కు ముందు | 15.1 నుంచి | ఛందస్సులో |
|---|---|---|---|---|
| అక్షరం | 6 | 4 | 3 | 3 |
| జ్ఞానం | 6 | 3 | 2 | 2 |
| స్త్రీ | 6 | 3 | 1 | 1 |
| రామున్ | 6 | 3 | 3 | 2 |

నాలుగు పదాలకూ కోడ్ పాయింట్లు ఆరే. తక్కిన లెక్కలు వేరు. మొదటి మూడు పదాలలో 15.1 నియమం తెలుగు చదువరి భావనకు చేరువైంది. నాలుగవ పదంలో ప్రమాణానికీ ఛందస్సుకూ మధ్య దూరం మిగిలే ఉంది. పదాంతంలోని పొల్లుహల్లు ఛందస్సులో విడి అక్షరం కాదు. అది ముందున్న అక్షరంతో చేరి దాన్ని గురువుగా చేస్తుంది. కనుక ‘రామున్’ రెండు గురువులు. యూనికోడ్ లెక్కలో మాత్రం పొల్లుతో ఉన్న నకారం వేరే సముదాయం. ఇందులో యూనికోడ్ దోషమేమీ లేదు. దాని ప్రయోజనం వేరు, ఛందస్సు ప్రయోజనం వేరు. పరీక్ష రాసేవారికి ఈ తేడా తెలియకపోతే, యూనికోడ్ చెప్పిన మూడే ‘సరైన ఫలితం’గా పరీక్షలో స్థిరపడుతుంది.

ఇక కాలంతో వచ్చే చిక్కు ఒకటుంది. ఒక అభివృద్ధికారుడు పాత బ్రౌజరులో ‘అక్షరం’ అనే పదానికి వచ్చిన 4 అనే సంఖ్యను చూసి దాన్నే అపేక్షగా రాశాడనుకుందాం. ప్లేరైట్ ప్రతి సంచికతోనూ నిర్దిష్టమైన బ్రౌజరు సంచికలు వస్తాయి. ప్రమాణంలోని మార్పును అన్ని సాఫ్ట్‌వేర్లూ ఒకే రోజున స్వీకరించవు. వేదికను నవీకరించిన రోజున, కోడ్‌లో ఒక్క వరుసైనా మారకుండానే 3 వచ్చి పరీక్ష ఓడుతుంది. ఇక్కడ ఓడినది ప్రోగ్రామా, పరీక్షా? తెలుగు తెలిసినవారు తప్పు అపేక్షదని వెంటనే చెబుతారు. తెలియనివారికి అది నవీకరణ తెచ్చిన దోషంగా తోచవచ్చు.

మరొక ఉదాహరణ ఐత్వం. ‘కై’ని రెండు విధాలుగా నిక్షిప్తం చేయవచ్చు: కకారానికి ఐత్వపు గుర్తును నేరుగా చేర్చడం ఒకటి, ఎత్వపు గుర్తునూ, ఐత్వపు దిగువ భాగాన్నీ విడివిడిగా చేర్చడం మరొకటి. యూనికోడ్ ప్రకారం ఇవి సమానరూపాలు. తెరమీద ఒక్కలాగే కనిపించాలి. వాటిని ముందుగా ఏకరూపానికి తేని శోధనలో మాత్రం ఒకటి వెతికితే రెండవది దొరకదు. డిజిటల్ గ్రంథాలయంలో ఒక పదప్రయోగాన్ని వెతికి, లేదని తేల్చే పరిశోధకుడి నిర్ధారణే దీనివల్ల తప్పు కావచ్చు. రెండు రూపాలనూ ఇచ్చి ఒకే ఫలితాన్ని ఆశించే చిన్న పరీక్ష దీన్ని పట్టిస్తుంది.

5. ‘హీలర్’ – సవరణకు హద్దు

2025లో ప్లేరైట్ కృత్రిమ మేధ ఆధారిత సహాయకులను మూడింటిని చేర్చింది. ‘ప్లానర్’ అప్లికేషన్‌ను తిరిగి చూసి, మామూలు వాక్యాలలో పరీక్షా ప్రణాళిక రాస్తుంది. ‘జనరేటర్’ ఆ ప్రణాళికను పరీక్షా కోడ్‌గా మారుస్తుంది. ‘హీలర్’ ఓడిన పరీక్షను మళ్లీ నడిపి, పుట ప్రస్తుత స్థితిని గమనించి, సవరణ ప్రతిపాదించి, నెగ్గేవరకు లేదా నిర్ణీత హద్దు చేరేవరకు ప్రయత్నిస్తుంది. పనిచేయనిది అప్లికేషనే అని భావిస్తే ఆ పరీక్షను దాటవేస్తుంది.

మీట స్థానం మారినందువల్ల ఓడిన పరీక్షకు ఈ చికిత్స ఎంతో మేలు. అటువంటి మరమ్మతులు అభివృద్ధికారుల సమయాన్ని తినేస్తాయి. అపేక్ష విషయం అలా కాదు. ‘రామున్’ను ఛందస్సు ప్రకారం 2గా అపేక్షించిన పరీక్ష ఓడినప్పుడు, తెరమీద కనిపించే 3ను చూసి అపేక్షనే 3గా మార్చితే పరీక్ష నెగ్గుతుంది, దోషం మాత్రం నిలిచిపోతుంది. దాటవేసినా దోషం నివేదికలో మరుగునపడే ప్రమాదం ఉంది. ప్లానర్‌కూ ఇదే పరిమితి వర్తిస్తుంది. ఉన్న అప్లికేషన్‌ను చూసి రాసిన ప్రణాళిక ‘ఉన్నది’ చెబుతుంది. ‘ఉండవలసినది’ చెప్పడానికి దానికి మరొక ఆధారం అందించాలి.

పాఠపరిష్కరణ చేసేవారికి ఈ సమస్య కొత్త కాదు. తాళపత్రంలోని పాఠం ఛందస్సుకు పొసగనప్పుడు పరిష్కర్త సవరిస్తాడు. సవరించిన చోట మూలపాఠాన్ని అథోజ్ఞాపికలో చూపి, కారణం చెబుతాడు. ఆ జ్ఞాపిక లేని సవరణను పండితలోకం అంగీకరించదు. హీలర్ చేసే మార్పులకూ ఈ మర్యాదే వర్తించాలి. పరీక్షలో మారిన ప్రతి వరుసా మార్పుల చరిత్రలో కనిపిస్తుంది కనుక, అపేక్షను తాకిన సవరణను భాష తెలిసిన మనిషి చూసి ఆమోదించిన తరువాతే స్వీకరించాలన్న నియమం పెట్టుకోవడం కష్టం కాదు.

6. తెలుగు శాఖలు చేయదగిన పని

పై చర్చ తెలుగు అధ్యాపకులు ప్రోగ్రామర్లు కావాలని చెప్పడానికి కాదు. వారి దగ్గర ఇప్పటికే ఉన్న జ్ఞానం పరీక్షకు కావలసిన రూపంలో లేదు. ‘పొల్లు పూర్వాక్షరంతో చేరుతుంది’ అన్నది లక్షణసూత్రం. ‘రామున్ – 2’ అన్నది పరీక్షాంశం. మొదటిదాన్ని రెండవదిగా మార్చడానికి ఒక పట్టిక చాలు: ఒక వరుసలో పదం, పక్కన ఆశించిన ఫలితం, ఆ పక్కన కారణం. యూనికోడ్ సంస్థ కూడా గ్రాఫీమ్ విభజనకు ఇటువంటి పరీక్షా ఫైలునే ప్రచురిస్తుంది. విడదీయవలసిన చోట ఒక గుర్తు, విడదీయకూడని చోట మరొక గుర్తు – అంతే దాని నిర్మాణం.

ఆ పట్టికలో సంయుక్తాక్షరాలు, పొల్లుతో ముగిసే పదాలు, కనిపించని విభజకంతో కూడిన అన్యదేశ్యాలు, ఐత్వపు రెండు రూపాలు, అరసున్న, బండిరతో కూడిన పూర్వకావ్య పదాలు ఉండాలి. ఆకారాది క్రమం, పదశోధన, పంక్తి చివర పదవిభజన వంటి అంశాలకూ అటువంటి పట్టికలే కావాలి. ఛందస్సు లేదా నిఘంటు నిర్మాణం మీద పనిచేసే పరిశోధక విద్యార్థి తన సిద్ధాంతగ్రంథానికి అనుబంధంగా ఒక పరీక్షాంశాల పట్టికను జతచేయగలిగితే, దాన్ని ఏ అభివృద్ధికారుడైనా ట్యాగ్ తగిలించి నేరుగా వాడుకోగలడు. ప్లానర్ రాసే ప్రణాళిక మామూలు వాక్యాలలో ఉంటుంది కనుక, దాన్ని చదివి దిద్దడానికీ సాంకేతిక శిక్షణ అక్కరలేదు.

7. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. ప్లేరైట్‌లోని కొత్త సౌకర్యాలు పరీక్షను నడపడం, పంచడం, ఓటమికి సాక్ష్యం సేకరించడం అనే పనులను సులభతరం చేశాయి.
2. నిలకడలేని పరీక్షను విడి తీర్పుగా చూపడం తెలుగు ఫాంటుల దోషాలను గుర్తించడానికి ఉపయోగపడుతుంది.
3. మారిన ఫైళ్లను బట్టి పరీక్షలను ఎంచే పద్ధతి బ్రౌజరు, యూనికోడ్, ఫాంటుల మార్పులను పట్టలేదు. కనుక తెలుగు పరీక్షలను ప్రతి నవీకరణ తరువాత పూర్తిగా నడపాలి.
4. స్నాప్‌షాట్లు, కృత్రిమ మేధ సహాయకులు ఉన్నదాన్ని ప్రమాణంగా తీసుకునే అవకాశం ఉంది. ఆధారచిత్రాన్నీ, అపేక్షనూ భాష తెలిసినవారు ఆమోదించాలి.
5. గ్రాఫీమ్ సముదాయం, ఛందోక్షరం ఒకటి కావు. ఏ లెక్క కావాలో పరీక్షలోనే స్పష్టంగా రాయాలి.

2018 నాటి దోషం వాడుకరుల చేతికి చేరిన తరువాత సవరణకు వచ్చింది. అటువంటి వరుస మరొకటి మన లిపిలో ఎక్కడ దాగి ఉందో యంత్రం తనంతట తాను ఊహించలేదు. లక్షణగ్రంథాలు చదివినవారు దాన్ని ఒక పట్టికలో రాసిపెడితే, ప్రతి విడుదలకు ముందూ సరిచూసే ఓపిక ఈ వేదికలకు ఉంది.